గ్రే మరుగుజ్జు టాపిర్: అపోహలు - వాస్తవాలు

శిలాజాలను శుభ్రం చేసి అతికించడం నా పని. పొట్టి తొండం ఉండే టాపిర్ అనే జంతువు పుర్రె ఫొటో చూపిస్తే చాలు, "పందా? ఏనుగు పిల్లా?" అని అడుగుతారు. రెండూ కాదు. టాపిర్ చుట్టాలు గుర్రం, ఖడ్గమృగం. తొండం అంతా కండే కాబట్టి శిలాజంగా మిగలదు. మరి ఉండేదని ఎలా చెబుతాం? పుర్రెను పక్కనుంచి చూడండి. ముక్కు ఖాళీ మూతి దగ్గర ఆగదు, కళ్ళ పైదాకా వెనక్కి వెళ్తుంది. బతికున్న టాపిర్ల పుర్రె కూడా అంతే.

అపోహ: గ్రే మరుగుజ్జు టాపిర్ డైనోసార్ల కాలంది.

వాస్తవం: డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ళ కిందటే పోయాయి. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని గ్రే అనే ఊరి దగ్గర దొరికిన ఈ మరుగుజ్జు టాపిర్ (శాస్త్రీయ నామం టాపిరస్ పోల్కెన్సిస్) శిలాజాల వయసు సుమారు 45 నుంచి 50 లక్షల ఏళ్ళు. 2000లో రోడ్డు పనుల్లో నల్ల బంకమట్టి తగిలింది. ఒకప్పుడు నేల కుంగి ఏర్పడిన చెరువు అది. మొదట మంచుయుగం నాటిదనుకున్నారు. ఖడ్గమృగం ఎముకలు దొరికాక లెక్క మారింది, ఎందుకంటే ఉత్తర అమెరికాలో ఖడ్గమృగాలు అంతకు చాలా ముందే అంతరించాయి. రోడ్డునే పక్కకి మళ్ళించారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండిపోతుంది.

అపోహ: పాతకాలపు జంతువులన్నీ భారీగా ఉండేవి. ఇంత చిన్నదంటే పిల్లే అయ్యుంటుంది.

వాస్తవం: దీని సగటు బరువు 125 కిలోలని అంచనా. ఇప్పటి మలయా టాపిర్ 300 కిలోలు దాటగలదు. పిల్లా, పెద్దదా అన్నది పళ్ళే చెబుతాయి. దవడ చివరి పన్ను పూర్తిగా పైకొచ్చి, దాని మీది రెండు అడ్డగట్లు నమిలి నమిలి అరిగి ఉంటే అది పెద్ద జంతువే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే అపోహ ఇంకొకటుంది: పుర్రెలో తేడా కనిపిస్తే కొత్త జాతి దొరికినట్టేనని. ఈ జాతికి 1960లో ఫ్లోరిడా శిలాజాలను చూసి పేరు పెట్టారు. గ్రేలో దొరికినన్ని టాపిర్ శిలాజాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. పిల్లలూ ముసలివీ ఒకేచోట దొరికాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే నడినెత్తి మీది ఎముక గట్టు ఒకదానికి ఎత్తుగా, ఇంకొకదానికి అంతంతమాత్రంగా ఉంది. ముక్కు ఎముకల ఆకారమూ అంతే. వీటిలో కొన్ని తేడాలు వయసుతో వచ్చినవే. అందుకే విడిగా ఒక్క పుర్రె తెచ్చి "కొత్త జాతా?" అని ఎవరైనా అడిగితే, నేను ముందు దాని పళ్ళు చూస్తాను.