బాడీ ఇమేజ్: తెరకంటే ముందు తోటివారు

యువతులు తమ శరీరం పట్ల పడే అసంతృప్తికి సోషల్ మీడియాయే మూలమన్న వాదన ఇటీవల బలంగా వినిపిస్తోంది గానీ, ఈ చర్చ ఫోన్లకంటే చాలా పాతది. మనిషి తన శరీరం గురించి మనసులో గీసుకునే చిత్రమే బాడీ ఇమేజ్ అని 1935లో నిర్వచించిన మనోవైద్యుడు పాల్ షిల్డర్, ఆ చిత్రం ఇతరులతో సంబంధాల్లోనే రూపుదిద్దుకుంటుందని కూడా చెప్పాడు. ఈ రెండో మాట చాలాకాలం మరుగున పడింది.

ఎముకల గూడులా చిక్కిపోయినా ఆ సంగతి గుర్తించలేని అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి మానేసే మానసిక రుగ్మత) రోగుల గురించి మనోవైద్యురాలు హిల్డే బ్రూక్ 1962లో రాశాక, విషయం ప్రధానంగా వైద్యుల పరిధిలోకి వెళ్లింది. బరువు గురించిన దిగులు రోగులకే పరిమితం కాదని, సాధారణ స్త్రీలలోనూ అది మామూలైపోయిందని 1984లో మనస్తత్వవేత్త జూడిత్ రోడిన్ బృందం వాదించింది.

స్నేహితుల పాత్రను దగ్గరగా చూసినవారు మానవశాస్త్రవేత్తలు. అమెరికా బడి పిల్లలతో మాట్లాడిన మిమీ నిక్టర్, "నేను లావైపోయాను" అని ఒకమ్మాయి అనడం, "లేదులే" అని మిగతావారు ఓదార్చడం జట్టులో కలిసిపోయే పద్ధతిగా మారిందని 1990లలో గమనించింది. అలా అన్నవారిలో చాలామంది నిజానికి తిండి తగ్గించుకునేవారు కాదు.

పసిఫిక్ ద్వీపదేశం ఫిజీ ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడి నాడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునే బాలికలు ఆ ఏడాది మానవశాస్త్రవేత్త ఆన్ బెకర్ సర్వేలో ఒక్కరూ లేకపోగా, 1998 సర్వేలో 11.3 శాతం కనిపించారు. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. బాలికలు స్వయంగా చూసే టీవీకన్నా, వారి స్నేహబృందంలోని వారు చూసే టీవీ ప్రభావమే బలంగా ఉందని బెకర్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనానికి మాత్రం అంత ప్రచారం రాలేదు.

ప్రకటనల్లో మోడళ్ల శరీరాకృతిని మార్చిన ఫొటోలకు ఆ సంగతి తెలిపే హెచ్చరిక తప్పనిసరి చేస్తూ 2017లో ఫ్రాన్స్ తెచ్చిన నిబంధన ఈ స్నేహాల జోలికి పోలేదు, పోవడం దానికి సాధ్యం కూడా కాదు. 2010లో మొదలైన ఇన్‌స్టాగ్రామ్‌లోనైతే మోడల్ ఫొటో, క్లాస్‌మేట్ ఫొటో ఒకే వరుసలో, లైకులూ కామెంట్లతో సహా కనిపిస్తాయి. శరీరం గురించి బాధపడుతున్న టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందన్నారని 2021లో బయటపడిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాలు వెల్లడించాయి. వాటిని వక్రీకరించారని వాదించిన ఆ సంస్థ సైతం, తాము పరిశీలించిన 12 అంశాల్లో బాడీ ఇమేజ్ ఒక్కటే ప్రతికూలంగా తేలిందని ఒప్పుకుంది.