అటక మీది కెమెరాకి ఏ రీలు?

చిన్నా, బుజ్జీ,

అటక మీంచి నా పెంటాక్స్ కె1000 దింపారని మీ అమ్మ చెప్పింది. కొడాక్ పోర్ట్రా ఫిల్మ్ కొనమంటావా తాతయ్యా అని అడిగారట. ఇప్పుడే వద్దు. ఆ ధరకి, బటన్ నొక్కిన ప్రతిసారీ డబ్బులు లెక్కేసుకుంటూ కూర్చుంటారు. కొడాక్ గోల్డ్ 200 గానీ, కలర్‌ప్లస్ 200 గానీ తెచ్చుకోండి. మూడు నాలుగు రీళ్ళు అయ్యేదాకా అదే వాడండి.

డబ్బా మీది అంకె ఆ ఫిల్మ్‌కి ఎంత వెలుగు కావాలో చెబుతుంది. 200కి కావలసినదాంట్లో సగం చాలు 400కి. 100కైతే రెట్టింపు కావాలి. మన ఎండలకి 200 బోలెడు. మిట్టమధ్యాహ్నం లెన్స్ 16 మీద, షట్టర్ 250 మీద పెడితే వెలుగు కొలిచే మీటర్ సెల్ అయిపోయినా ఫోటో వస్తుంది. ఇంట్లోనూ సాయంత్రాలూ తీస్తారా, అల్ట్రామాక్స్ 400 వేయండి. కాస్త గరుకుగా కనిపిస్తుంది, ఫర్వాలేదు.

ఈ అంకెల సంగతి నాకు మా పిన్ని కూతురి పెళ్ళిలో తెలిసొచ్చింది. రాత్రి ముహూర్తం. కెమెరాలో 100 రీలు, ఫ్లాష్ లేదు. గొప్పగా 36 ఫోటోలూ తీశాను. కడిగించి చూస్తే పందిట్లో ట్యూబ్‌లైట్లు ఉన్నాయి, పెళ్ళికొడుకు లేడు! పిన్ని బతికున్నన్నాళ్ళూ దెప్పింది.

ఈ రీళ్ళన్నీ కలర్ నెగెటివ్‌లు, వెలుగు ఎక్కువైతే ఒకటి రెండు స్టాపుల దాకా ఓర్చుకుంటాయి (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). తక్కువైతే మాత్రం నీడలు బురదరంగుకి తిరుగుతాయి. ఫిల్మ్ మీద పడని వెలుగుని ల్యాబువాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకే నేను 200 రీలు వేసి, కెమెరాలో 100 అని పెట్టేవాణ్ణి, రెట్టింపు వెలుగు పడేలా. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్మ్‌తో ఈ పని చేయకండి, అక్కడ ఎక్కువైతేనే ముప్పు.

ఇంకోటి, ఈ రీళ్ళన్నీ పగటి వెలుగుకి చేసినవి. పాతకాలపు పసుపు బల్బు కింద మొహాలు నారింజ రంగుకి తిరుగుతాయి, ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చగా కనిపిస్తాయి. అమ్మమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయండి. ఎక్టార్ 100తో మాత్రం వద్దు. గోపురాలకీ, మిర్చి కల్లాలకీ దాన్ని మించింది లేదు గానీ, మొహాలు ఎర్రబడతాయి. అసలే ఆవిడకి కోపం ఎక్కువంటారు!

సినిమా ఫిల్మ్‌ని చిన్న డబ్బాల్లోకి చుట్టి చవగ్గా అమ్ముతున్నారు, జాగ్రత్త. వాటిలో కొన్నిటికి వెనక నల్లపూత ఉంటుంది. మామూలు ల్యాబులో వేస్తే ఆ పూత ఊడి మందులు పాడవుతాయి, పక్కవాళ్ళ రీళ్ళూ పాడవుతాయి. డబ్బా మీద సి-41 అని ఉందో లేదో చూసుకోండి. 1972లో కొడాక్ తెచ్చిన, ఫిల్మ్ కడిగే పద్ధతి అది. ఫ్యూజీ రీలైనా దాంట్లోనే కడుగుతారు: సుమారు 38 డిగ్రీల డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు.

రోహిణి కార్తెలో రీలుని కారులో వదిలేస్తే రంగులు చెడతాయి. ఫ్రిజ్‌లో పెట్టండి, కెమెరాలో వేసే ముందు రెండు గంటలు బయట ఉంచి అప్పుడు మూత తీయండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

కడిగించాక ఫోన్‌కి స్కాన్లు వచ్చాయి కదా అని ఊరుకోకండి. నెగెటివ్‌లు అడిగి తెచ్చుకోండి. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకొస్తే, నీడలకి వెలుగు సరిపోయిందో లేదో వెలుతురుకి పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య