మొక్కకు ఇంకో వారం ఇవ్వండి: తోటపనిలో అపోహలు, వాస్తవాలు

మొక్కలు పెంచడం, పెంచడం నేర్పడం నా పని. నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం "దీనికి ఏం వెయ్యాలి?" అనే. "ఇవాళ్టికి ఏమీ వెయ్యకండి, వారం చూడండి" అంటాను చాలాసార్లు. దాటవేయడానికి కాదు. ఆ వారంలో చూడాల్సింది చాలా ఉంటుంది.

అపోహ: ఆకు వాడిందంటే నీళ్లు చాలలేదు.

వాస్తవం: మిట్టమధ్యాహ్నం వేరు పీల్చే నీటికంటే ఆకు నుంచి ఆవిరయ్యేది ఎక్కువైతే, మట్టి తడిగా ఉన్నా ఆకు వాలుతుంది. సాయంత్రానికి తనే లేస్తుంది. వేరు కుళ్లినా ఆకు అలాగే వాలుతుంది. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేర్లకు గాలి అందదు, చచ్చిన వేరు నీరు పీల్చలేదు. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. నేను చూసిన కుండీ మొక్కల్లో ఎండి పోయినవాటికంటే నాని పోయినవే ఎక్కువ. పోసేముందు వేలు మట్టిలోకి గుచ్చి చూడండి.

అపోహ: పది రోజుల్లో మొలవకపోతే విత్తనం పుచ్చుది.

వాస్తవం: కొత్తిమీరలాంటి పార్స్‌లీకి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. ఆ సంగతి తెలియని రోజుల్లో ఒక ట్రే మట్టంతా కంపోస్టు కుప్పలో దులిపేశాను. కొన్నాళ్లకు అక్కడే గుబురుగా మొలిచింది. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త ఇసుకలో కలిపిన విత్తనాలను 20 సీసాల్లో పాతిపెట్టాడు. వాటిలో ఒకదాన్ని 2021లో తీస్తే, 142 ఏళ్ల తర్వాత కూడా కొన్ని మొలిచాయి!

అపోహ: పురుగు కనబడగానే మందు కొట్టాలి.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే తొందర ఇదే. చిగురుకు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు పట్టాయనుకోండి. ఆకు తిప్పి చూడండి. పసుపురంగు చిన్న గుడ్లు గుంపుగా నిలబెట్టినట్టు ఉంటే అవి అక్షింతల పురుగు (లేడీబర్డ్) పెట్టినవి కావచ్చు. వాటిలోంచి వచ్చే పిల్ల పొడుగ్గా, నల్లగా, నారింజ మచ్చలతో భయంకరంగా ఉంటుంది. జనం మొదట దాన్నే నలిపేస్తారు. పేనుబంకను తిని మొక్కను కాపాడేది అదే. అయితే తిండి వచ్చాకే తినేది వస్తుంది కాబట్టి, నడుమ కొన్ని రోజులు మొక్క నష్టపోతుంది. అప్పుడే మందు కొడితే రెండూ చస్తాయి. మిగిలిన పేనుబంక జతకట్టకుండానే పిల్లల్ని పెట్టి వారం పది రోజుల్లో మళ్లీ నిండుతుంది. అక్షింతల పురుగు అంత త్వరగా రాదు. ఆగలేకపోతే నీళ్ల ధారతో చిగురు కడగండి, చాలు.

అపోహ: మొక్కను వేరేచోటికి మార్చి నాటగానే ఎరువేస్తే త్వరగా కోలుకుంటుంది.

వాస్తవం: మార్చేటప్పుడు సన్నని నూగువేర్లు తెగుతాయి. ఉన్న వేర్లకు తగ్గట్టు మొక్క కొన్ని ఆకులు రాలుస్తుంది. అప్పుడు దానికి కావలసింది నీడ, తడి; ఎరువు కాదు. నా దగ్గర పనికి కొత్తగా చేరినవాళ్లను కూడా మొదటి నెల ఏమీ అనకూడదని నేను నేర్చుకున్నది ఇక్కడే.

అపోహ: ఓర్పు అంటే దేన్నైనా ఉండనివ్వడం.

వాస్తవం: కాదు. ఆకుముడత వైరస్ సోకిన టమాటా మొక్కను ఆ రోజే పీకేస్తాను. దానికి మందు లేదు, తెల్లదోమ పక్కవాటికి అంటిస్తుంది. కానీ ఆకు ముడుచుకున్న ప్రతి మొక్కా వైరస్‌ది కాదు. మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి (మంచం నల్లి కాదు, మొక్కల మీద ఉండే అతిచిన్న పురుగు) కారణం కావచ్చు. అవి వదిలితే కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. పీకే ముందు ఆకు అడుగున భూతద్దం పెట్టి చూస్తాను.

అపోహ: కొమ్మలన్నీ ఎండితే మొక్క పోయినట్టే.

వాస్తవం: గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. ఒకావిడ పారేద్దామనుకున్న గులాబీని పైనుంచి గీకుతూ వచ్చాం, అంతా గోధుమరంగే. అంటుకట్టిన చోటుకు రెండంగుళాల పైన సన్నగా పచ్చ గీత కనబడింది. అక్కడికి కత్తిరించి నీడలో పెట్టాం. చిగురు రావడానికి నెలన్నర పట్టింది. అంటు పైనుంచే వచ్చింది, అంటే అది ఆ గులాబీదే, అడుగు మొక్కది కాదు.