బోదకాలు: అపోహలు, వాస్తవాలు (రాత్రిళ్లు వేలి రక్తం తీసేవాడి మాటలు)

ఇరవై ఏళ్లకు పైగా గోదావరి డెల్టా ఊళ్లలో ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే పురుగు, ఒంట్లో ఉందేమోనని రక్తపరీక్షలు చేస్తూ తిరిగాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఎవరూ మందుల చీటీ రాయమని అడగరు. అరుగుల మీద, టీ కొట్ల దగ్గర బోదకాలు గురించి వినే మాటల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డెల్టా నీళ్లు తాగితే కాలు పొంగుతుంది

మెట్ట నుంచి కోడలిగా వచ్చిన ఒకావిడ, పెళ్లయిన రెండేళ్ల దాకా పుట్టింటి నుంచి క్యాన్లతో నీళ్లు తెప్పించుకున్నానని నాతో చెప్పారు. ఆవిణ్ని చూసి నవ్వలేం. ఈ పురుగు దోమలో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో కనిపెట్టిన డాక్టరు ప్యాట్రిక్ మాన్సన్ అంతటివాడే, చచ్చిన దోమలు పడ్డ నీళ్లు తాగితే మనిషికి వస్తుందనుకున్నాడు. దోమ మూతి దగ్గర ఈ పురుగుపిల్లలు కనబడి, కుట్టినప్పుడే దిగుతాయని తేలేసరికి 1900 వచ్చింది.

నీళ్లకు సంబంధం లేకపోలేదు, కాకపోతే అది తాగే నీళ్లతో కాదు, నిలిచిన మురుగుతో. ఈ పురుగుని మోసేది క్యూలెక్స్ దోమ, దానికి కుళ్లు నీళ్లంటేనే ఇష్టం. పారే కాలువ కన్నా ఇంటి వెనక పూడిపోయిన మురుగు కాలువ, కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంట, మూత సరిగ్గా లేని సెప్టిక్ ట్యాంకు దానికి పుట్టిళ్లు. వీధంతా ఫాగింగ్ కొట్టమని పంచాయతీతో పోట్లాడే పెద్దమనిషి తన సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం నోటికి ఒక వల గుడ్డ కట్టడు. పాత దోమతెర ముక్క చాలు, సన్నటి తాడు చాలు, అయిదు నిమిషాల పని.

గుర్రపుడెక్క వల్ల వస్తుందని కూడా అంటారు. దాని వేళ్లకు పిల్లలు అంటుకుని పెరిగే దోమ వేరే ఉంది, అది మోసే పురుగూ వేరే, కేరళ తీరంలో దాని సంగతి బాగా తెలుసు. మన దగ్గర గుర్రపుడెక్క చేసే పాపం డ్రెయిన్‌కి అడ్డుపడి మురుగుని కదలనివ్వకపోవడం.

అపోహ: కాలు లావుగా ఉన్నవాళ్ల నుంచి అంటుకుంటుంది

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే. పెళ్లి భోజనాల్లో బోదకాలున్న ముసలాయన పక్క కుర్చీ ఖాళీగా ఉండటం నా కళ్లతో చూశాను. నిజానికి అంత ముదిరిన కాలున్నవాళ్ల రక్తం తీస్తే చాలామందిలో పురుగుపిల్ల ఒక్కటీ దొరకదు. దొరికేది ఎవరి దగ్గరో చెప్తాను.

ఒక ఊళ్లో రాత్రి పదిన్నరప్పుడు రామాలయం అరుగు మీద నలుగురు కుర్రాళ్లు క్యారమ్స్ ఆడుతున్నారు. వేలు పొడవనివ్వమంటే ముగ్గురు ఇచ్చారు. నాలుగోవాడు "నాకేంటండీ, నేను శుభ్రంగానే ఉన్నాను కదా, ఆయ్" అని నవ్వి, స్నేహితులు ఎగతాళి చేస్తే అప్పుడు చెయ్యి చాపాడు. మర్నాడు స్లైడ్లు కడిగి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, ఆ శుభ్రంగా ఉన్న కుర్రాడి రక్తపు చుక్కలోనే కనబడ్డాయి. సన్నటి నూలుపోగులు మెలికలు తిరిగినట్టు ఉంటాయి, ఒంటి నిండా ఊదారంగు చుక్కలు, తోక కొసన మాత్రం చుక్కలుండవు. ఆ తోక చూసే ఇది ఏ జాతిదో గుర్తుపడతాం. వాణ్ని కుట్టిన దోమలో అవి పది పన్నెండు రోజులు పెరిగి ఇంకొకళ్ల ఒంట్లోకి వెళ్తాయి. అంటే జబ్బు వీధిలోకి వెళ్లేది వాడి నుంచే, ఆ ముసలాయన నుంచి కాదు.

ఒక్క దోమ కుడితే కాలు వాచిపోదు, ఏళ్ల తరబడి వందలసార్లు కుట్టించుకుంటే గాని ఇది నిలదొక్కుకోదు. చాలామందికి చిన్నతనంలోనే ఎక్కి, పెద్దయ్యాక బయటపడుతుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో, అంటే రక్తనాళాల పక్కనే ఇంకో రకం నీరు పారే గొట్టాల్లో, ఆరు నుంచి ఎనిమిదేళ్లు కాపురం చేస్తాయి. ఆడపురుగు మన చిటికెన వేలి కన్నా పొడుగుంటుంది. అవున్నచోట నాళం ఉబ్బి పాడవుతుంది, ఊరే నీరు పైకి పోక కాల్లో నిలుస్తుంది. మన పంటకాలువకి గండి పడితే చేను మునిగినట్టే.

అపోహ: పగలు పరీక్ష చేయించుకుంటే ఏమీ లేదన్నారు, కాబట్టి లేదు

పురుగుపిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, దోమ కుట్టే వేళకి, ఇంచుమించు రాత్రి పది నుంచి రెండింటి మధ్య, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే మేం అర్ధరాత్రి తలుపులు కొడతాం. "ఏం బాబూ, దొంగల్లా ఈ వేళప్పుడా రావడం" అన్న అమ్మమ్మలు ఎంతమందో! ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానరాత్రి ఎనిమిదిన్నరకే పని ముగించేసి, అన్నీ నెగెటివ్ అని రాసిచ్చాను. మా పెద్దాయన స్లైడ్ల మీద టైము చూసి ఏమీ అనకుండా మళ్లీ అదే ఊరికి పంపించారు. పదకొండు దాటాక తీస్తే అవే ఇళ్లలో పాజిటివ్‌లు వచ్చాయి. ఇప్పుడు వేళతో పని లేని కార్డు టెస్టు ఉంది, అది పెద్ద పురుగు జాడ పట్టుకుంటుంది.

అపోహ: మాత్ర మింగితే జ్వరం వచ్చింది, ఆ మాత్ర విషం

ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్రకి పురుగుపిల్లలు చస్తాయి. ఒంట్లో ఎక్కువ ఉన్నవాళ్లకి చచ్చినవాటి వల్ల జ్వరం, తలనొప్పి, దురద వస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి, తగ్గకపోయినా ఊపిరాడనట్టున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఏ పురుగూ లేనివాడికి చాలాసార్లు ఏమీ అవదు. జ్వరం వచ్చిందంటే చాలావరకు మాత్రకి దొరికిందేదో ఉందన్నమాట. పరగడుపున వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, మంచం పట్టినవాళ్లకి ఇవ్వరు. పెద్దవాళ్లకి వంద మిల్లీగ్రాములవి మూడు, దాంతో నులిపురుగులకిచ్చే ఆల్బెండజోల్ ఒకటి. మా ఎదురుగానే మింగమంటాం, ఎందుకంటే "భోంచేశాక వేసుకుంటాం" అన్న మాత్రలు తర్వాత దిండు కింద, పోపుల డబ్బాలో దొరికాయి నాకు.

అపోహ: వరిబీజం బరువులు మొయ్యడం వల్ల వస్తుంది

వరిబీజం అంటే వృషణాల చుట్టూ నీరు చేరడం. అన్నీ ఫైలేరియావి కావు, ఈ ప్రాంతంలో మాత్రం దాన్ని అనుమానించాలి. సిగ్గుపడి పంచె బిగించుకుని ఏళ్లు నెట్టుకొస్తారు, చిన్న ఆపరేషన్‌తో పోయేదానికి.

పాలలాంటి మూత్రం వస్తే ధాతువు పోతోందని లేహ్యాలు తింటారు. అది పేగుల నుంచి కొవ్వు మోసే శోషరసం దారితప్పి మూత్రంలో కలవడం. నెయ్యి పోసిన పెళ్లి భోజనం తిన్న మర్నాడు ఇంకా తెల్లగా వస్తుంది, లేహ్యంలో నెయ్యి ఎంత ఉంటుందో మీకు తెలుసు కదా.

అపోహ: మాత్రలు వాడుతూ ఉంటే కాలు మామూలైపోతుంది

ముదిరిన కాలు మాత్రలతో తగ్గదు. చలిజ్వరంతో, గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రగా మండిపోయే రోజులు వస్తాయి చూడండి, అవి చాలాసార్లు పురుగు పని కాదు, వేళ్ల సందుల్లో పాచిన చోట నుంచి మామూలు సూక్ష్మక్రిములు దూరడం. అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. మాకు తెలిసినావిడకి ఒక ప్రైవేటు క్లినిక్‌లో జ్వరం వచ్చినప్పుడల్లా ఆ డీఈసీ కోర్సే రాసేవారు, కాలి వేళ్లు మాత్రం ఒక్కసారీ విడదీసి చూడలేదు. చూస్తే నాలుగో సందులో తెల్లగా ఒరుసుకుపోయి ఉంది.

ఆవిడకి బేసిన్, మగ్గు, సబ్బు, తువ్వాలు ఇచ్చి చూపించాం. మామూలు సబ్బు, మంచినీళ్లు, రోజూ రాత్రి. గట్టిగా రుద్దకుండా ముడతలన్నీ కడగాలి. కడగడం అందరూ చేస్తారు, ఆరబెట్టడమే చెయ్యరు. పలచటి గుడ్డని ఒత్తిలా చుట్టి ఒక్కో సందులో పెట్టి తడి పీల్చాలి, పాచిన చోట డాక్టరు రాసిన పూతమందు రాయాలి. పడుకునేటప్పుడు కాలి కింద దిండు. చేలోకి, పెరట్లోకి వెళ్లినా చెప్పులుండాలి. వరినాట్లకి చెప్పులేంటి బాబూ అంది ఆవిడ, దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు, రాగానే కడుక్కోమన్నాను.

మళ్లీ సంక్రాంతికి కనబడితే అడిగాను. కాలు అంతే ఉందిట, పెద్దగా తగ్గలేదుట. జ్వరం మాత్రం దసరా ముందు వచ్చిందే, ఆ తర్వాత రాలేదు అంది.