పాట సెకన్లో చేరుద్ది, పైసలే ఎందుకంత లేటు?

కరీంనగర్ దగ్గర మాకు తెలిసిన తమ్ముడొకడు ఇంట్లోనే మైకు పెట్టుకుని జానపదాలు పాడతాడు. జనవరిలో ఒక పాట పాటల యాప్‌లలో కాస్త ఆడింది, ఫోన్ తీసి చూపించాడు, దుబాయ్‌లో ఎంతమంది హైదరాబాద్‌లో ఎంతమంది అన్నీ కనిపిస్తున్నాయి, పక్కనే ఉన్న డబ్బుల పేజీ మాత్రం అక్టోబర్ దగ్గరే ఆగిపోయింది. "విన్నోడి ఊరు తెలుస్తది గానీ పైసలు తెల్వయా అన్నా" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. దీని మూలం చూడాలంటే గ్రామఫోన్ ప్లేట్ల రోజులకి పోవాలి. అప్పట్లో షాపులకి సరుకు పోయేది, అమ్ముడవనివి వెనక్కొచ్చేవి, దారిలో కొన్ని పగిలేవి, ఇవన్నీ తేలేదాకా నిజంగా ఎన్ని అమ్మారో ఎవరికీ తెలీదు కాబట్టి మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి లెక్క కట్టేవాళ్లు, రిటర్న్స్ కోసమని కొంత పక్కన పట్టుకునేవాళ్లు కూడా. ఇప్పుడు పగలడానికి ప్లేటే లేదు, అయినా చాలా కంపెనీల్లో ఆ క్వార్టర్ లెక్కల అలవాటు మాత్రం పోలేదు.

మన దగ్గర ఇంకో ముడి ఉంది. పాట రాసినవాళ్ల, ట్యూన్ కట్టినవాళ్ల తరఫున డబ్బు వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంస్థ 1969లోనే వచ్చింది, కానీ 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద హక్కు మామూలుగా నిర్మాతదే అని తేల్చేసరికి చేతికిచ్చిన పారితోషికంతోనే సరి అన్నట్టయింది. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక గానీ రాసినవాళ్లకి రాయల్టీలో, అంటే పాట వాడినందుకు వచ్చే డబ్బులో, వాటా వదులుకోలేని హక్కు కాలేదు. అంటే ఇక్కడ ఎవరి పాటకి ఎవరికి ఎంత అని పద్ధతిగా రాసిపెట్టుకునే అలవాటే ఆలస్యంగా మొదలైంది.

ఇక స్ట్రీమింగ్, అంటే నెట్‌లోనే పాట వినడం. ఆ పాటల యాప్‌లలో ఒకటైన స్పాటిఫై 2008లో స్వీడన్‌లో మొదలై 2019లో ఇండియాకి వచ్చింది. చాలామంది అనుకునేది ఒక ప్లేకి ఇన్ని పైసలు అని ఫిక్స్‌డ్ రేటు ఉంటదని. లేదు. నెలంతా వచ్చిన సబ్‌స్క్రిప్షన్లు, యాడ్స్ డబ్బు ఒక కుండలో పోసి మొత్తం ప్లేల్లో నీ వాటా ఎంతో చూస్తారు, నెల అయిపోతే గానీ కుండలో ఎంతుందో తెలీదు, పైగా దొంగ ప్లేలు ఏరెయ్యాలి, ఒక్కో దేశానికి లెక్క వేరు. అది తేలాక డబ్బు డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే పాటని యాప్‌లలో ఎక్కించే కంపెనీకి పోతుంది, లేబుల్ (పాటల కంపెనీ) లేని ఆర్టిస్టు పాటని నేరుగా ఎక్కించలేడు కాబట్టి మధ్యలో వాళ్లు తప్పరు, వాళ్లు వందల యాప్‌ల రిపోర్టులు విడదీసి ఖాతాలో వేసేసరికి రెండు మూడు నెలలు మామూలే. ఆ తర్వాత కనీస మొత్తం దాటితేనే విత్‌డ్రా, అమెరికా కంపెనీ అయితే ట్యాక్స్ ఫారం నింపాలి. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు దాటని పాటకి రికార్డింగ్ డబ్బే (పాడి రికార్డు చేసినందుకు వచ్చేది) రాదు. చిన్నవాళ్లకి ఇది అన్యాయమనే నా లెక్క.

వీటన్నిటికన్నా ఎక్కువ ముంచేది పేర్లు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, స్పెల్లింగ్‌లో ఒక ఎ ఎక్కువ, అంతే, మిషన్‌కి ఇద్దరు వేరే మనుషులు, డబ్బు ఎవరిదో తేలక ఆగిపోద్ది. ఇది మన ఒక్కళ్ల తంటా కాదు, అమెరికాలో 2021లో రచయితల కోసం కొత్త సంస్థ పని మొదలుపెట్టినప్పుడు సొంతదారు ఎవరో తేలక ప్లాట్‌ఫాంల దగ్గర ఉండిపోయిన దాదాపు 42 కోట్ల డాలర్లు దాని చేతికొచ్చాయి.

మన తమ్ముడికి ఇంకోటి కూడా తెలీదు, డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు, రచన, ట్యూన్ డబ్బు వేరే దారి, ఐపీఆర్ఎస్‌లో చేరితేనే వస్తది. కూర్చోబెట్టి వివరాలు రాయిస్తుంటే రచయిత అన్న గడి దగ్గర ఆగాడు. ఆ పాట వాళ్ల అవ్వ నాట్లప్పుడు పాడేది, అవ్వకి ఎవరు నేర్పారో ఎవరికీ తెలీదు. "అవ్వ పేరు రాయనా అన్నా, సాంప్రదాయం అని రాయనా?" అని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.