ఆడవాళ్ళకి సిల్డెనాఫిల్ రాశారా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో జగదాంబ నుంచి గాజువాక దాకా ఏ మందుల షాపులోనైనా సరే, ఒకావిడ సిల్డెనాఫిల్ చీటీ ఇస్తే "ఇది మీ ఆయనకా అమ్మా?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ ఒక్క మాటకి సిగ్గుపడి, మందు కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. ఇంటికెళ్ళి ఫోన్‌లో పేరు కొట్టి చూస్తే వయాగ్రా అని వస్తుంది. ఇక ఆ స్ట్రిప్పు బీరువాలోకి పోతుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఇది మగవాళ్ళ మందు, ఆడవాళ్ళ ఒంటికి పడదు.

ఈ మందు పనిచేసేది రక్తనాళాల మీద. నాళాల గోడల్ని వదులుచేసే సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం మన ఒంట్లో తయారవుతూ ఉంటుంది. పీడీఈ-5 అనే ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. సిల్డెనాఫిల్, అదే కోవకి చెందిన టడలాఫిల్ అనే మందు ఆ ఎంజైముకి అడ్డుపడతాయి కాబట్టి నాళాలు విచ్చుకుంటాయి. ఈ ఎంజైము ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ బాగా ఉంటుంది. అమెరికాలో సిల్డెనాఫిల్‌కి 1998లో అంగస్తంభన సమస్యకి అనుమతి వస్తే, 2005లో పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్‌కి వచ్చింది. జనం మాటల్లో చెప్పాలంటే ఊపిరితిత్తుల బీపీ. సింహాచలం మెట్లు నాలుగు ఎక్కేసరికి ఆయాసం, కాళ్ళ వాపు, కళ్ళు తిరిగి పడిపోవడం దాని లక్షణాలు. ఈ జబ్బు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ.

మోతాదు కూడా వేరు. అంగస్తంభనకి మామూలుగా 50 మి.గ్రా., అదీ అవసరమైనప్పుడే. ఊపిరితిత్తుల బీపీకి 20 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు, రోజూ. టడలాఫిల్ అయితే సాధారణంగా 40 మి.గ్రా. రోజుకొకసారి. సిల్డెనాఫిల్ సుమారు 4 గంటల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది, అందుకే మూడు పూటలు. మధ్యాహ్నం బిళ్ళ మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి మింగకండి. ఖర్చు కలిసొస్తుందని 100 మి.గ్రా. బిళ్ళని అయిదు ముక్కలు చేస్తుంటారు. ముక్కలు సమానంగా రావు. ఒక పూట 10 పడితే ఇంకో పూట 35 పడుతుంది. 20 మి.గ్రా. బిళ్ళే అడిగి తీసుకోండి.

డాక్టర్‌కి చెప్పకుండా మాత్రం ఆపొద్దు. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు ఒక్కసారిగా ముదిరే ప్రమాదం ఉంది.

అపోహ: ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఊపిరితిత్తుల ప్రెషర్ ఎక్కువని వస్తే ఈ మందు వేసుకోవచ్చు.

కాదు. చిన్నప్పటి కీళ్ళవాత జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం కుంచించుకుపోయినా ప్రెషర్ పెరుగుతుంది. అక్కడ అడ్డు కవాటం దగ్గరుంది. ఈ మందుతో ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా వచ్చి, ముందుకి పోయే దారిలేక నీరు చేరవచ్చు. పక్కింటావిడకి పనిచేసింది కదా అని ఆమె చీటీ చూపించి కొనుక్కోవడం అందుకే తప్పు.

అపోహ: ఆడవాళ్ళు వేసుకుంటే కోరిక పెరుగుతుంది.

మందు రక్తప్రవాహాన్ని పెంచుతుంది గానీ కోరికని పుట్టించదు. దాదాపు 3,000 మంది స్త్రీలతో పరీక్షలు చేశాక, తగిన ఫలితం లేదని తయారీ సంస్థ ఫైజర్ 2004లో ఆ ప్రయత్నాన్నే విరమించుకుంది. "ఆడవాళ్ళ వయాగ్రా" అని ఆన్‌లైన్‌లో అమ్మే గులాబీ రంగు బిళ్ళల్లో చాలావరకు ఉండేది అదే సిల్డెనాఫిల్, తరచూ 100 మి.గ్రా. కొన్ని మగవాళ్ళ బిళ్ళల్లో శీఘ్రస్ఖలనానికి వాడే డాపోక్సెటిన్ కూడా కలుస్తుంది. భర్త స్ట్రిప్పులోంచి తీసి వేసుకుంటే ఆ రెండో మందు కూడా కడుపులోకి పోతుంది. కోరిక తగ్గడానికి రక్తహీనత, థైరాయిడ్, షుగరు, డిప్రెషన్ మందులు, ముట్లు ఆగాక వచ్చే పొడితనం, నొప్పి, ఇంట్లో ఊపిరాడని చాకిరీ, ఇలా ఎన్నో కారణాలుంటాయి. వాటికి వేరే వైద్యం ఉంది. అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

అపోహ: సంతాన కేంద్రంలో ఈ మందు రాశారంటే చీటీ తారుమారైంది.

గర్భాశయపు లోపలి పొర పల్చగా ఉన్నవాళ్ళకి కొందరు డాక్టర్లు 25 మి.గ్రా. రాస్తారు, కొన్నిసార్లు యోనిలో పెట్టుకోమంటారు. ఇది లేబుల్‌లో లేని వాడకం, అంటే మందుకి అధికారికంగా అనుమతి ఉన్న జబ్బుల్లో ఇది లేదు, ఫలితాలు అందరిలో ఒకేలా రాలేదు. ఎందుకు రాశారో, ఏ రోజున ఆపాలో ఆ డాక్టర్‌నే అడిగి రాయించుకోండి. లంబసింగి చలికి వేళ్ళు తెల్లబడి, నీలంగా మారి నొప్పిపెట్టే రేనాడ్స్ సమస్యకి కూడా, మిగతా మందులు పనిచేయకపోతే ఇస్తుంటారు.

అపోహ: కడుపులో బిడ్డ ఎదగకపోతే ఇది మంచిది.

నెదర్లాండ్స్‌లో ఇదే ఆశతో గర్భిణులకి ఇచ్చిన పరీక్షని 2018 జూలైలో మధ్యలోనే ఆపేశారు. మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఊపిరితిత్తుల సమస్యలు ఎక్కువ కనిపించాయి, మరణాలు కూడా సంభవించాయి. బిడ్డ ఎదుగుదల కోసం వాడకూడదు. ఊపిరితిత్తుల బీపీ ఉండి గర్భం వస్తే మాత్రం సొంతంగా ఆపకుండా అదే రోజు స్పెషలిస్టుని కలవండి. ఆ జబ్బులో గర్భమే తల్లి ప్రాణానికి ముప్పు.

తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, అజీర్తి మామూలుగా వచ్చేవే. రక్తం పలచబడే మందులు కూడా వాడేవాళ్ళు ముక్కులోంచి రక్తం కారితే చెప్పాలి. చూపు గానీ వినికిడి గానీ హఠాత్తుగా తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు) లాంటివి సిల్డెనాఫిల్‌ని రక్తంలో పేరుకునేలా చేస్తాయి. చర్మానికో గొంతుకో వేరే డాక్టర్ దగ్గరికెళ్ళినా ఈ మందు పేరు చెప్పండి.

అన్నిటికన్నా భయపడాల్సింది సార్బిట్రేట్‌కి. ఛాతీలో నొప్పి అనగానే ఇంట్లోవాళ్ళు నాలుక కింద పెట్టే ఆ చిన్న బిళ్ళ నైట్రేటు. సిల్డెనాఫిల్‌తో నైట్రేటు కలిస్తే బీపీ పాతాళానికి పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్లు ఇవ్వకూడదు. రోజూ వాడేవాళ్ళకి అసలే కూడదు. "సిల్డెనాఫిల్ వాడుతున్నాను, సార్బిట్రేట్ ఇవ్వవద్దు" అని ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి పర్సులో పెట్టుకోండి. 108 వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు మొదట చెప్పాల్సింది ఆ మాటే.