ఫ్లోరైడ్ ఫిల్టర్ జల్లెడ కాదు: అపోహలు - వాస్తవాలు

కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో ఫ్లోరైడ్ ఫిల్టర్లకు అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టే గింజలు) నింపడం, కడగడం నా పని. మూత తీసి తెల్లటి గింజలు బయటపెడితే చాలు, చుట్టూ చేరినవాళ్ళు తలో మాట అంటారు. ఎక్కువగా వినేవి ఇవీ.

అపోహ: ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను వడకడుతుంది.

ఫ్లోరైడ్ నీళ్ళలో కరిగి ఉంటుంది. గింజల మధ్య సందుల్లోంచి ఇట్టే దూరిపోతుంది. దాన్ని పట్టేది గింజ లోపలి సన్నని రంధ్రాల గోడలు. ఒక్క గ్రాము యాక్టివేటెడ్ అల్యూమినాలో ఆ గోడలన్నీ పరిస్తే 200 చదరపు మీటర్ల పైమాటే, అంటే దాదాపు ఐదు సెంట్ల ఇంటి స్థలం! స్పాంజి నీళ్ళను లోపలికి పీల్చుకుంటే అది శోషణం. ఇలా తలానికి అంటుకోవడం అధిశోషణం.

అపోహ: గింజలు అరిగేదాకా పనిచేస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఇదే. గింజ అరగదు, రంగు మారదు, ఫ్లోరైడ్ అంటుకునే సీట్లు నిండిపోతాయంతే. లాంగ్‌మ్యూర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1918లో చెప్పిన లెక్క ప్రకారం తలం మీద చోట్లు కొన్నే, చోటుకు ఒక్కరే. మన ఆర్టీసీ బస్సులా నిలబడి వెళ్ళే వీల్లేదు. (నిలబడేవాళ్ళను, అంటే పొర మీద పొరను కూడా లెక్కలోకి తెచ్చింది 1938లో బ్రునౌర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు. ఇందాకటి ఐదు సెంట్లు కొలిచేది వాళ్ళ సూత్రంతోనే.) సీట్లు నిండాక ఫ్లోరైడ్ వచ్చింది వచ్చినట్టే బిందెలోకి పోతుంది. రుచిలో తెలీదు, పరీక్ష చేయాల్సిందే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

పైగా సీట్ల కోసం పోటీ. అల్యూమినా ఫ్లోరైడ్‌ను బాగా పట్టేది పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత) 5.5, 6 మధ్య, తలానికి ధనావేశం ఉన్నప్పుడు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు సాధారణంగా ఏడు దాటే ఉంటాయి, సీట్లకు పోటీపడే బైకార్బనేట్లూ ఎక్కువే. అందుకే బస్తా మీద అచ్చేసిన సామర్థ్యాన్ని నేను నమ్మను. మొదట్లో వారం వారం పరీక్షించి ఆ ఊరి లెక్క ఆ ఊరికే కడతాను.

అపోహ: కార్బన్ ఫిల్టర్ ఉందిగా, లేదంటే కాచి తాగుతాం.

కార్బన్ క్లోరిన్ వాసనకు, రంగుకు మంచిది, ఫ్లోరైడ్‌కు కాదు. కాచితే ఆవిరయ్యేది నీళ్ళే, మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: ట్యాప్ ఎంత తిప్పితే అంత లాభం.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక బళ్ళో పిల్లలు వరసగా నిలబడి ఉంటే జాలిపడి వాల్వు పూర్తిగా తెరిచాను. తర్వాత పరీక్షిస్తే లోపలికెళ్ళే నీళ్ళకూ బయటికొచ్చే నీళ్ళకూ పెద్ద తేడా లేదు. గింజలు కొత్తవే. ఫ్లోరైడ్ రంధ్రం లోపలిదాకా చేరడానికే టైమ్ పడుతుంది మరి.

అపోహ: నిండిన గింజలు ఇక పారేయడమే.

పలుచని కాస్టిక్ సోడాతో కడిగితే ఫ్లోరైడ్ సీటు వదిలేస్తుంది. తర్వాత పలుచని ఆసిడ్‌తో సరిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. కాకపోతే వదిలిన ఫ్లోరైడ్ అంతా ఆ కడిగిన నీళ్ళలోనే ఉంటుంది. ఏ ఊళ్ళోనైనా ముందు చూసేది, ఆ నీళ్ళు పోయే దారి గేదెల తొట్టి వైపు ఉందేమోనని.